లోగో దగ్గరే బిగుసుకుపోయే ల్యాప్‌టాప్, కనపడని డ్రైవు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, నేను విజయనగరంలో బీటెక్ సెకండియర్. హైదరాబాద్‌లో తెలిసినాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో రైజెన్ (ఏఎండీ ప్రాసెసర్) ల్యాప్‌టాప్ కొన్నా. విండోస్ 10 బానే నడుస్తోంది, కానీ ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేద్దామని పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేస్తే లోగో వచ్చి అక్కడే ఆగిపోతోంది. పెన్‌డ్రైవ్ మార్చా, ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) మళ్లీ దింపా, పెన్‌డ్రైవ్‌ని బూట్ అయ్యేలా చేసే రూఫస్ బదులు వెంటాయ్ వాడా, అయినా అంతే. రిపేర్ షాపులో చూపిస్తే మదర్‌బోర్డ్ మార్చాలంటున్నారు. నిజంగా మార్చాలా?

జవాబు: మదర్‌బోర్డ్ పోతే విండోస్ మాత్రం ఎలా నడుస్తుంది తమ్ముడూ? ఆ డబ్బులు జేబులోనే ఉంచుకో. నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే నా అనుమానం ముందు బయోస్ మీదకే, అంటే మదర్‌బోర్డ్ చిప్‌లోనే ఉండే ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) మీదకే పోతోంది. ఇప్పుడొచ్చే వాటిలో అది యూఈఎఫ్ఐ అనుకో, కానీ అందరం బయోస్ అనే అంటున్నాం కాబట్టి అలాగే పిలుద్దాం.

పవర్ బటన్ నొక్కగానే ముందు లేచేది ఈ ఫర్మ్‌వేరే. ఇల్లు అద్దెకిచ్చే ఓనరు కొత్తగా దిగినవాళ్లకి ఏ స్విచ్ దేనిదో చెప్పినట్టు, ఏ డివైజ్ ఎక్కడుందో ఏ ఇంటరప్ట్ (డివైజ్ ప్రాసెసర్‌ని పిలిచే సిగ్నల్) ఎటు పోవాలో ఏసీపీఐ అనే టేబుల్స్‌లో రాసి ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి ఇస్తుంది. కంపెనీలు మామూలుగా విండోస్ మీద టెస్ట్ చేసి అమ్మేస్తాయి, అందుకే ఆ టేబుల్స్‌లో తప్పున్నా విండోస్ ఎలాగోలా లాగించేస్తుంది, లినక్స్ దాన్ని నమ్మి వెళ్లి ఇరుక్కుంటుంది. 2018 ప్రాంతంలో వచ్చిన రైజెన్ ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో ఈ గొడవ బాగా ఉండేది.

నిజంగా అదేనా అని చూడాలంటే, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయినప్పుడు గ్రబ్ మెనూ (ఏది బూట్ చేయాలో అడిగే లిస్టు) వస్తది కదా, అక్కడ ఉబుంటు లైను మీద ఉంచి 'ఇ' నొక్కు, 'క్వయిట్ స్ప్లాష్' అన్న రెండు మాటలు చెరిపేసి ఎఫ్10 కొట్టు. లోగో బదులు మెసేజ్‌లు గబగబా పైకి పోతూ ఒకచోట ఆగుతాయి. కెర్నల్ (లినక్స్ గుండెకాయ) రాసేవాళ్లకి మొహమాటం లేదు, తప్పు ఫర్మ్‌వేర్‌ది అనిపిస్తే 'ఫర్మ్‌వేర్ బగ్' అని స్క్రీన్ మీదే వేసేస్తారు. బాగా నడిచే మిషన్లలో కూడా ఆ మాట అప్పుడప్పుడు కనపడుతుంది కాబట్టి చూడగానే కంగారు పడకు, కానీ ఆగిపోయిన చోట చివరి లైన్లలో 'ఏఎండీ-వీఐ', 'ఐవీఆర్ఎస్' లాంటివి ఉంటే మాత్రం బయోస్ అప్‌డేట్ దారి పట్టాల్సిందే. అవేం లేకుండా స్క్రీన్ నల్లగా అయిపోతే అది గ్రాఫిక్స్ తంటా కావచ్చు, అదే లైన్లో 'నోమోడ్‌సెట్' అని కలిపి ఒకసారి చూడు.

ఇప్పుడు అసలు పని. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'ఎంఎస్‌ఇన్ఫో32' అని కొడితే బయోస్ వెర్షన్, తేదీ కనపడతాయి. సెకండ్ హ్యాండ్ మిషన్లలో అది తయారైన రోజు వెర్షనే ఉండిపోవడం మామూలే, ఎవరూ ముట్టుకోరు. తర్వాత ల్యాప్‌టాప్ కింద స్టిక్కర్ మీదుండే సీరియల్ నంబర్‌తో కంపెనీ సపోర్ట్ సైట్లో వెతుకు. మోడల్ పేరుతో వెతకొద్దు, ఎందుకంటే ఒకే పేరు మీద ఇంటెల్ బోర్డు, ఏఎండీ బోర్డు రెండూ అమ్ముతారు. దింపేముందు రిలీజ్ నోట్స్ చదువు, రెండు మూడు లైన్లే ఉంటాయి కానీ పనికొచ్చేవి అవే. కొన్ని కంపెనీలు 'ముందు ఈ వెర్షన్ వేశాకే ఇది వేయాలి' అని కూడా అక్కడే రాస్తాయి.

ఇంకో సంగతి, దీన్ని మాత్రం మర్చిపోవద్దు: విండోస్ తీసేయకముందే బయోస్ పని ముగించుకో. చాలా మోడళ్లకి అప్‌డేట్ ఫైలు విండోస్‌లో నడిచే ఈఎక్స్ఈ రూపంలోనే ఇస్తారు, విండోస్ తుడిచేశాక తల పట్టుకుని కూర్చునే వాళ్ల ఉత్తరాలు మాకు బాగానే వస్తుంటాయి. డెల్‌లో అయితే ఎఫ్12 మెనూలోనే బయోస్ ఫ్లాష్ ఆప్షన్ ఉంటుంది, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఫైలు పెడితే చాలు. ఆసుస్‌లో ఈజీ ఫ్లాష్ అని సెటప్ లోపలే ఉంటుంది. ఇక లినక్స్ వేశాక ముందుముందు వచ్చే అప్‌డేట్లకి ఉబుంటులో 'ఎఫ్‌డబ్ల్యుయుపీడీ' అనే టూల్ ఉంది, డెల్, లెనోవో, హెచ్‌పీ వాళ్లు చాలా మోడళ్లకి ఫైళ్లు అందులోకి పంపుతున్నారు, నీ మోడల్ ఉందో లేదో చూసుకో.

అప్‌డేట్ నొక్కాక చార్జర్ పెట్టే ఉంచు, బ్యాటరీ కూడా నిండుగా ఉంచు, బ్యాటరీ పాడైన ల్యాప్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా ఈ పని చేయకు. మధ్యలో స్క్రీన్ నల్లబడుతుంది, ఫ్యాన్ గోల చేస్తుంది, తనంతట తను రెండు మూడుసార్లు రీస్టార్ట్ అవుతుంది, పవర్ బటన్ మీదకి చెయ్యి పోనివ్వకు. అయిపోయాక సెట్టింగ్స్ ఒకోసారి మొదటికొచ్చేస్తాయి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేనివాటిని బూట్ కానివ్వని కాపలా) మళ్లీ ఆన్ అవ్వచ్చు, అప్పుడు వెంటాయ్ 'సెక్యూరిటీ వయొలేషన్' అని మొండికేస్తే పెన్‌డ్రైవ్ పాడైంది అనుకోవద్దు.

ప్రశ్న: అన్నా, మాది వరంగల్. లెవెన్త్ జెన్ ఐ5 ల్యాప్‌టాప్. విండోస్ 11 ఫ్రెష్‌గా వేద్దామంటే ఇన్‌స్టాలర్లో ఒక్క డ్రైవ్ కూడా కనిపించట్లేదు. యూట్యూబ్‌లో చూసి బయోస్ అప్‌డేట్ చేసిన, ఏం ఫాయిదా లేదు. ఎస్ఎస్‌డీ కాలిపోయిందా?

జవాబు: ఎస్ఎస్‌డీ భేషుగ్గా ఉండుంటది, బయోస్ సెటప్‌లో దాని పేరు కనిపిస్తుందో లేదో ఒకసారి చూడండి. కనిపిస్తే ఇది ఇంటెల్ వీఎండీ పంచాయితీ, దీనికి అప్‌డేట్‌తో సంబంధం లేదు. లెవెన్త్ జెన్ నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో ఎన్‌వీఎంఈ డ్రైవ్‌ని (ఒక రకం ఎస్ఎస్‌డీ) వీఎండీ అనే కంట్రోలర్ వెనకాల పెట్టి పంపుతున్నారు, దాని డ్రైవర్ మైక్రోసాఫ్ట్ ఇన్‌స్టాలర్లో లేకపోతే డ్రైవ్ ఉన్నా లేనట్టే. కంపెనీ సైట్లో ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దింపి, ఈఎక్స్ఈ అలాగే కాపీ చేయకుండా విప్పి (ఎక్స్‌ట్రాక్ట్ చేసి), లోపలున్న ఐఎన్ఎఫ్ ఫైళ్ల ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇన్‌స్టాలర్లో 'లోడ్ డ్రైవర్' నొక్కండి.

బయోస్‌లో వీఎండీ ఆపేసినా పని అయిపోద్ది. ఏసర్ వాళ్లయితే ఈ ఆప్షన్ దాచిపెట్టారు, మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటపడుద్ది. మీరెలాగూ మొత్తం తుడిచి వేస్తున్నారు కాబట్టి పర్లేదు గానీ, పాత విండోస్ ఉంచుకునేవాళ్లు ఊరికే ఇది ఆపేస్తే 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని నీలం స్క్రీన్ ఎదురవుద్ది.

ప్రశ్న: బయోస్ అప్‌డేట్ చేశాక ల్యాప్‌టాప్ 48 అంకెల కీ అడుగుతోంది. వైరస్ ఏమైనా ఎక్కిందాండీ? (ఒక గృహిణి, తెనాలి)

జవాబు: వైరస్ కాదమ్మా, బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని ఫైళ్లకి విండోస్ వేసే తాళం. ఫర్మ్‌వేర్ మారేసరికి ఆ తాళం కాపాడే టీపీఎం చిప్ దగ్గరున్న లెక్క కుదరక, ఎవరో కెలికారేమో అని తాళం వేసుకుంది. వేరే ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి అందులో మీ డివైజ్ దగ్గర రికవరీ కీ ఉందేమో చూడండి, సెటప్ చేసిపెట్టింది పిల్లలైతే వాళ్ల అకౌంట్లో ఉండొచ్చు. ఆ కీ ఎక్కడా దొరకకపోతే లోపలి ఫొటోలు, ఫైళ్లు తీయడం ఎవరి వల్లా కాదు, తీసిస్తాం అని డబ్బులడిగేవాళ్లని నమ్మకండి. మిగతా పాఠకులు బయోస్ ముట్టుకునే ముందే బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసుకోండి (తాత్కాలికంగా ఆపండి). మేం ఎప్పుడూ ఆన్ చేయలేదే అనకండి, విండోస్ 11 హోమ్‌లో కూడా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే డివైస్ ఎన్‌క్రిప్షన్ అని తనే ఆన్ చేసుకుంటోంది.

ప్రశ్న: లినక్స్ వేస్తే బయోసే పాడైపోతుందని మా లెక్చరర్ అంటున్నారు. అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోతే ఇక అంతేనా? (పాలిటెక్నిక్ విద్యార్థి, అనంతపురం)

జవాబు: మీ లెక్చరర్‌గారు గాల్లోంచి పుట్టించింది కాదు, ఒకసారి జరిగింది. 2017 అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు 17.10లో ఇంటెల్ ఎస్‌పీఐ అనే డ్రైవర్ వల్ల కొన్ని లెనోవో, ఏసర్ మోడళ్లలో బయోస్ సెట్టింగ్స్ సేవ్ అవ్వకుండా పోయాయి, కొన్నిటిలో పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవడం కూడా ఆగిపోయింది. డిసెంబర్లో ఉబుంటు తయారుచేసే కెనానికల్ కంపెనీ ఆ ఐఎస్ఓని సైట్ నుంచి తీసేసి, డ్రైవర్ ఆపేసి, 2018 జనవరిలో మళ్లీ విడుదల చేసింది. ఇప్పుడొచ్చే వెర్షన్లకి ఆ భయం అక్కర్లేదు.

కరెంట్ సంగతంటారా, బ్యాటరీ ఉన్నంతవరకు ల్యాప్‌టాప్‌కి ఏం కాదు. ఒకవేళ మధ్యలో ఆగి చచ్చినట్టు పడున్నా కొన్ని మోడళ్లకి దారి ఉంది. హెచ్‌పీలో కంపెనీ టూల్‌తో వేరే కంప్యూటర్లో రికవరీ పెన్‌డ్రైవ్ చేసుకుని, అది పెట్టి విండోస్ కీ, బి నొక్కిపట్టి ఆన్ చేయాలి. డెల్‌లో చార్జర్ తీసేసి, కంట్రోల్, ఎస్కేప్ నొక్కిపట్టి చార్జర్ పెడితే రికవరీ స్క్రీన్ రావాలి. అదీ రాకపోతే చిప్ లెవెల్ సర్వీస్ చేసే షాపుకి తీసుకెళ్లండి, బోర్డు మీద ఎనిమిది కాళ్ల బయోస్ చిప్‌లోకి ప్రోగ్రామర్‌తో ఫైలు మళ్లీ ఎక్కిస్తారు. బోర్డు మార్చాలి అని ముందే చెప్పే షాపులో మాత్రం 'బయోస్ ప్రోగ్రామింగ్ చేస్తారా' అని అడిగి, లేదంటే పక్క షాపుకి వెళ్లండి.