శాస్త్రవేత్తలు రాజకీయాలకు దూరంగా ఉండాలా?

"శాస్త్రవేత్త తన పని తాను చేసుకోవాలి గానీ, రాజకీయాలతో ఏం పని?" అని నన్ను ఒకరు అడిగారు. నేను నల్గొండ జిల్లాలో తాగునీళ్లు పరీక్షించే ల్యాబులో చాలా ఏళ్లు పనిచేశాను. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను: పార్టీలకు దూరంగా ఉండొచ్చు, రాజకీయాలకు మాత్రం కుదరదు. మనం వద్దనుకున్నా మన రిపోర్టు వెళ్లి పడేది అందులోనే.

మేం ఎక్కువగా చేసింది ఫ్లోరైడ్ పరీక్ష. శాంపిల్ నీళ్లలో ఎర్రటి ద్రావణం కలుపుతాం. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ ఎరుపు అంత వెలిసిపోతుంది. ఎంత వెలిసిందో మెషీన్ కొలిచి చెబుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నుంచి వచ్చే కొన్ని సీసాల సంగతి మెషీన్‌లో పెట్టకముందే తెలిసిపోయేది. సీసా తెచ్చిన పెద్దాయన మెడ తిరక్క, పిలిస్తే ఒళ్లంతా తిప్పి మన వైపు చూసేవాడు. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు అలా బిగుసుకుపోతాయి.

ఒకసారి ఒక ఊరి కొత్త బోరు నీళ్లలో ఫ్లోరైడ్ నాలుగు దాటింది. ఆ బోరుకు అప్పటికే ఒక నాయకుడు కొబ్బరికాయ కొట్టేశాడు. ఆయన మనుషులు వచ్చి, "ఆ అంకె కొంచెం తగ్గించి రాయండి సార్, లేకపోతే ఊళ్లో గొడవలవుతాయి" అన్నారు. మా పై అధికారి ఉన్నది ఉన్నట్టే సంతకం పెట్టి పంపారు. ట్రాన్స్‌ఫర్ చేయిస్తామని బెదిరింపులు వచ్చాయి, కొన్నాళ్లు ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆ అధికారి ఏ పార్టీ మనిషీ కాదు. కానీ ఆ సంతకం రాజకీయం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అయితే నిజం రాసి పంపినంత మాత్రాన ఊరికి మంచినీళ్లు రావు. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బును (ఫ్లోరోసిస్) డాక్టర్లు గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టారు. దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. ఇథియోపియా, టాంజానియాల్లోనూ వాడారు. మంచి పద్ధతే, కానీ నీటిని బట్టి పటిక మోతాదు మార్చాలి, అడుగున తేరిన బురద తీసి ఎక్కడో పారబోయాలి, రోజూ ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. ఆ మనిషికి జీతం ఎవరిస్తారన్నది కెమిస్ట్రీ తేల్చే లెక్క కాదు. కృష్ణా నీళ్లు జిల్లాకు ఎప్పుడొస్తాయన్నదీ అంతే.

దేశమంతా నల్గొండ వైపు చూసింది 1996 లోక్‌సభ ఎన్నికల్లో. నీళ్ల కోసం పోరాడే జలసాధన సమితి పిలుపు మీద జనం నిరసనగా గుంపులుగా నామినేషన్లు వేశారు. 480 మంది బరిలో ఉంటే బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. అరవై ఏళ్లుగా డాక్టర్లు, కెమిస్టులు రాసిన కాగితాలు చేయలేని పని అది. కానీ ఆ కాగితాలే లేకపోతే ఆ జనం చేతిలో ఏ ఆధారం ఉండేది? నాకు రెండూ కావాలి.

భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా గురించి చదవండి. నక్షత్రాల మీద అంత పని చేసిన మనిషి నదుల గురించి, వరదల గురించి ఏళ్ల తరబడి రాశాడు, దామోదర్ వరదల విచారణ కమిటీలో పనిచేశాడు, 1952లో కలకత్తా నుంచి గెలిచి లోక్‌సభలో కూర్చున్నాడు. అందరూ అలా పోటీ చేయాలని నేననను. నాకు భయం కలిగించేది ఇంకో రకం: తన సబ్జెక్టు కాని విషయంలో కూడా డాక్టరేట్ చూపించి నాయకుడి మాటకు ముద్ర వేసేవాళ్లు. వాళ్ల వల్ల ఊళ్లో నిజమైన రిపోర్టును కూడా నమ్మరు.

మీరు ప్రభుత్వ ఉద్యోగంలో చేరబోతుంటే సర్వీస్ రూల్స్ ముందే చదువుకోండి. కేంద్ర ఉద్యోగులు పార్టీల్లో ఉండకూడదు, ప్రభుత్వ విధానాన్ని పత్రికల్లో విమర్శించకూడదు. కానీ పూర్తిగా శాస్త్రీయమైన వ్యాసం ప్రచురించడానికి మామూలుగా ముందస్తు అనుమతి అక్కర్లేదు. కాబట్టి మీ అంకెల్ని జర్నల్‌కు పంపండి. ఫైళ్లలో ఉన్న పరీక్షల రిపోర్టులను 2005 సమాచార హక్కు చట్టం కింద ఊరి వాళ్లెవరైనా అడగొచ్చు. ల్యాబుకు సీసా పట్టుకొచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ మాట చెప్పండి, దరఖాస్తు రాయడం రాకపోతే మీరే రాసిపెట్టండి.