ముందు తీపి వడ్డించకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఐదుగురు స్నేహితులను ఇంటికి పిలిచి, జర్మన్ వైన్లను పక్కపక్కన పెట్టి రుచి చూడబోతున్నావని మీ అన్నయ్య చెప్పినప్పటి నుంచి సంబరమూ ఉంది, గుబులూ ఉంది.

పలచని గ్లాసులు, మంచినీళ్లు, కారం తగలని రొట్టె చాలు. సీసాలను ఫ్రిజ్ నుంచి పావుగంట ముందే తీసిపెట్టు. ఆ సాయంత్రం మాత్రం అగరుబత్తి వెలిగించకు, వంటింట్లో పోపు వేయకు. ఇంగువ వాసన ముందు రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష వైన్ ఏదీ నిలవదు. అన్ని రకాలూ కొనవద్దు. ఒకే సంవత్సరపు రీస్లింగ్‌ను మోసెల్, నాహె, రైన్‌గావ్, ఫాల్జ్ ప్రాంతాల నుంచి ఒక్కొక్కటి తెచ్చుకుంటే, పలకరాతి వాలుల మీద పండిన మోసెల్‌కూ, దక్షిణాన వెచ్చని ఫాల్జ్‌కూ ఉన్న తేడా నాలుకకే తెలుస్తుంది.

ఇక నా పొరపాటు విను. 1993లో మైంజ్ దగ్గరి పల్లెలో ఒక ద్రాక్షరైతు ఇంటి మేడమీద అద్దెకుండేవాణ్ణి. నీలాగే ముచ్చటపడి నలుగురు తెలుగువాళ్లను పిలిచాను. ఇంటాయనను కూడా రమ్మంటే, తన తోటలోని రీస్లింగ్ ట్రోకెన్ (తీపి లేని రకం) సీసాను తువ్వాలులో చుట్టి తెచ్చాడు. మన ఇళ్లలో విస్తరి వేయగానే తీపి వడ్డిస్తారు కదా, అదే మర్యాద అనుకొని, నెలల తరబడి దాచుకున్న ఖరీదైన ఔస్లేజ రకం తీపి వైన్‌ను అందరికీ మొదట పోశాను. ఆ తేనె తీపికి అందరూ తలలూపారు. వెంటనే ఆయన సీసా వంపగా, ఒకడు మొహం చిట్లించి “ఇది చింతపండు పులుసురా” అన్నాడు. అన్నది తెలుగులోనే, కాని ఆ మొహాన్ని ఆయన చూశాడు. తన గ్లాసు నిదానంగా ముగించి, తువ్వాలు మడిచి చంకన పెట్టుకొని మెట్లు దిగిపోయాడు. మరునాటి ఉదయం మిగిలిన వైన్‌ను రొట్టెముక్కతో రుచి చూస్తే పచ్చి ఆపిల్, నిమ్మతొక్క వాసనలతో హాయిగా ఉంది. సిగ్గుతో కిందికి వెళ్లాను. ఆయన ఒక్క మాట కూడా అనకుండా నేలమాళిగకు తీసుకెళ్లి, ట్రోకెన్ ముందు, తీపిది తరువాత ఇచ్చాడు. ఆపైన వరుస మార్చి మళ్లీ ఇచ్చాడు. తీపి తగిలిన నాలుకకు పులుపు రెట్టింపుగా తోస్తుందని ఆ రోజు తెలిసింది.

కాబట్టి సీసాలకు కాగితం చుట్టి పేర్లు దాచేముందు లేబుళ్లు నువ్వు జాగ్రత్తగా చదువు. 1971 జర్మన్ వైన్ చట్టంలోని కాబినెట్, ష్పేట్‌లేజ, ఔస్లేజ అన్న మెట్లు కోతనాటి రసంలోని చక్కెరను బట్టి పెట్టినవే గాని, సీసాలో మిగిలిన తీపిని బట్టి కాదు. అందుకే ష్పేట్‌లేజ ట్రోకెన్ కూడా దొరుకుతుంది. ట్రోకెన్‌లో చక్కెర లీటరుకు 9 గ్రాములు మించకూడదు. ఆ మాట కనబడకపోతే ఆల్కహాల్ అంకె చూడు: 8 శాతం ఉన్న రీస్లింగ్ తీపిదే, 12 దాటితే చాలావరకు తీపి లేనిదే. తీపివన్నీ చివరికి ఉంచు.

ఒక్కో వైన్‌ను ఒక్కొక్కరికి 50 మిల్లీలీటర్లకు మించి పోయకు. ఉమ్మడానికి గిన్నె పెట్టు. ఎంగిలి అని నీకు ఒళ్లు జలదరిస్తుందని తెలుసు, నాకూ ఏడాది పట్టింది. అయినా పెట్టు తల్లీ. లైసెన్సు వచ్చి రెండేళ్లు నిండనివారికీ, 21 ఏళ్లు నిండనివారికీ బండి నడిపేటప్పుడు రక్తంలో ఆల్కహాల్‌కు అక్కడ అనుమతించే పరిమితి సున్నా, తక్కినవారికి వెయ్యికి 0.5 పాళ్లు, నా మాట వింటే ఎవరూ కారు తాళం తేనేకూడదు, అందరూ రైల్లోనే రావాలి. ఆఖరి రైలు వేళ గోడకు అంటించు. నువ్వేమో ఏమీ తినకుండా అతిథుల చుట్టూ తిరుగుతావు, చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. ముందుగా పెరుగన్నం తిను.

మీ అమ్మ కోప్పడితే నా పేరు చెప్పు. ఎవరికి ఏది నచ్చిందో రాసిన కాగితాలు పారేయకుండా ఫొటో తీసి పంపించు. మోసెల్‌కు ఎన్ని ఓట్లు పడ్డాయో నాకు తెలియాలి.