4,29,49,67,297 ప్రధాన సంఖ్య కాదు: మీ పరీక్ష ఎక్కడ ఆగిపోయిందంటే

600 లోపు ప్రధాన సంఖ్యలేవీ 2^32 + 1 ను, అంటే 4,29,49,67,297 ను భాగించనందున అది ప్రధాన సంఖ్యేనని మీరు నిర్ణయించారు. పొరపాటు అక్కడే జరిగింది. పరీక్షను వర్గమూలం వరకు, అంటే సుమారు 65,536 దాకా కొనసాగించాలి. (17వ శతాబ్దపు ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త ఫెర్మా కూడా దీనిని ప్రధాన సంఖ్యగానే భావించాడు.)

1. అన్ని ప్రధాన సంఖ్యలతోనూ భాగించనక్కర్లేదు. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే అది 128k + 1 రూపంలోనే ఉంటుంది (k ఒక ధన పూర్ణాంకం).

2. k కు 1 నుంచి 5 వరకు విలువలిస్తే 129, 257, 385, 513, 641 వస్తాయి. వీటిలో ప్రధాన సంఖ్యలు 257, 641 మాత్రమే.

3. 257 తో భాగిస్తే శేషం 2. 641 తో భాగిస్తే శేషం సున్నా, భాగఫలం 67,00,417. స్విస్ గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 1732లో కనుగొన్న కారణాంకం ఈ 641 నే.

4. 67,00,417 వర్గమూలం 2,589 కంటే తక్కువ. దాని ప్రధాన కారణాంకాలు మొదటి సంఖ్యకు కూడా కారణాంకాలే, కనుక ఆ హద్దులోపు 128k + 1 రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 లతో భాగించి చూస్తే చాలు. ఏదీ భాగించదు, కాబట్టి అది ప్రధాన సంఖ్య.

అందువల్ల మీ సంఖ్యకు భాజకాలు నాలుగే, వాటి మొత్తం 642 × 67,00,418 = 4,30,16,68,356.