టూ-ఇన్-వన్ కొనేముందు దాని మీద ఒక గీత నెమ్మదిగా గీసి చూడండి

ప్రశ్న: తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. సాయంత్రాలు బొమ్మలు వేస్తాను, ఈమధ్య ఆర్డర్లు కూడా వస్తున్నాయి. లాప్‌టాప్‌గా, ట్యాబ్లెట్‌గా రెండు రకాలా వాడుకునే టూ-ఇన్-వన్ ఒక్కటి కొంటే నాకు సరిపోతుందా?

జవాబు:

మీ పనీ, మీ బొమ్మా ఎప్పుడైనా ఒకే ఫైల్లో కలుస్తాయా? ముందు అది తేల్చుకోండి. కలుస్తాయంటే ధైర్యంగా కొనండి. పగలు టాలీలో లెక్కలు, రాత్రి బొమ్మలు, ఒకదానితో ఒకదానికి సంబంధం లేదంటే మాత్రం కొనొద్దు. మామూలు లాప్‌టాప్ ఒకటి, దానికి తగిలించుకునే పెన్ ట్యాబ్లెట్ (పెన్నుతో గీసే పలక) ఒకటి విడిగా తీసుకోండి. ఈ మాట అడగకుండా ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని మొదలుపెట్టే సలహాలన్నీ నా దృష్టిలో వృథా.

నేను తిరుపతిలోనే డీటీపీ, డిజైన్ పని చేస్తాను. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు ఒకవైపు, శ్రీకాళహస్తి కలంకారీ చీరలకు లేఅవుట్లు వేసివ్వడం ఇంకోవైపు. చీర మీద కలం పెట్టకముందే కొంగులో ఏ బొమ్మ వస్తుంది, అంచు ఎంత వెడల్పు ఉంటుంది, చూపించండి అంటారు కొనేవాళ్లు. అడగడంలో న్యాయముంది. బట్ట మీద నల్లరంగు గీత పడ్డాక ఇక చెరపడానికి ఉండదు. అందుకే ముందు తెర మీద వేసి, వాళ్లు సరే అన్నాకే బట్ట మీదికి వెళ్తాం.

నేను లేఅవుట్లు వేసిచ్చే పెద్దాయన ఒకరు శ్రీకాళహస్తిలో ఉన్నారు. మామా అని పిలుస్తాను. కీబోర్డు ఊడదీసే రకం మెషిన్ కొన్న కొత్తలో దాన్ని సంచిలో వేసుకుని ఆయన పనిచేసే చోటికి వెళ్లాను. కరక్కాయ పొడి, పాలు కలిపి ముంచి ఆరేసిన బట్టలు, పక్కన చింతపుల్లల్ని కాల్చి చేసుకున్న బొగ్గు కడ్డీలు, కింద చాప. కొనేవాళ్లు ఒక చీర కొంగుకి కల్పవృక్షం అడిగారు. నేను వేసుకెళ్లిన చెట్టులో ఎడమ కొమ్మ ఆయనకు నచ్చలేదు.

"కొమ్మ ఇట్ల వంగదు పాపా. ఆ పెన్ను ఇటియ్యి" అన్నారు.

ఇచ్చాను. కలం పట్టినట్టే నిలువుగా, నడుమ దగ్గర పట్టుకున్నారు. వెదురు కలంలో రంగు దిగేది మొన మీద నొక్కితే కాదు. కలం నడుమ ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు, దాన్ని రంగులో ముంచి, గీస్తూ గీస్తూ వేళ్లతో పిండుతుంటే రంగు మొనకు జారుతుంది. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ పెన్ను నడుమను పిండింది. సరిగ్గా అక్కడే పక్క బటన్ ఉంది. గీత పడాల్సిన చోట, క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రైట్ క్లిక్ చేస్తే వచ్చే గుండ్రటి రంగుల పళ్లెం వచ్చి కూర్చుంది. ఏదో పాడైపోయిందనుకుని ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ బటన్ పనిచేయకుండా చేసి మళ్లీ ఇచ్చాను.

ఈసారి ఎడమ పక్క కింద నుంచి కుడివైపు పైకి కొమ్మను లాగారు. ఆయన గీత ఎప్పుడూ నెమ్మది. ఊపిరి బిగబట్టి, ఒకే వేగంతో, మధ్యలో ఆగకుండా వెళ్తుంది. తెర మీద పడిన గీత మాత్రం సన్నసన్నగా అలలు తిరిగింది. ఆయన మొదట తన వేళ్లు చూసుకున్నారు. పక్కనున్న చిరుగు బట్ట మీద బొగ్గుతో అదే కొమ్మ, అదే వేగంతో గీశారు. నిక్కచ్చిగా వచ్చింది.

"నా చెయ్యి వణకలా పాపా. ఈ గాజు మింద గీతే వణకతా ఉండాది" అన్నారు.

ఆ మాటలో అక్షరం తప్పు లేదు. దీన్ని జిట్టర్ అంటారు. గాజు కింద సన్నటి సెన్సర్ గీతల వల ఉంటుంది. పెన్ను మొన రెండు గీతల మధ్య ఉన్నప్పుడు అది ఎక్కడుందో మెషిన్ లెక్కగట్టుకోవాలి. ఏటవాలుగా, నెమ్మదిగా వెళ్తుంటే ఆ లెక్కలో వచ్చే చిన్న చిన్న తేడాలన్నీ గీతలో వంకరలుగా కనిపిస్తాయి. చెయ్యి వేగంగా లాగితే అవి బయటపడవు. వీడియోల్లో పెన్ను బాగుందని చెప్పేవాళ్లలో ఎక్కువమంది చకచకా గీసి చూపిస్తారు, వాళ్ల గీత నున్నగానే వస్తుంది. నాకు వాళ్ల మీదున్న కోపమంతా ఇక్కడే. వేగంగా స్కెచ్ వేసేవాళ్ల అవసరం వేరు, కలంకారీ, ముగ్గు, అక్షరాలు, విగ్రహాల రేఖాచిత్రాలు వేసేవాళ్ల అవసరం వేరు.

విండోస్ మెషిన్లకు వచ్చే బ్యాటరీ పెన్నుల్లో ఈ బాధ ఎక్కువో తక్కువో ఉంటుంది. వాకమ్ వాళ్ల ఈఎంఆర్ పద్ధతిలో పెన్నుకు బ్యాటరీయే అక్కర్లేదు, తెరే దానికి శక్తినిస్తుంది. నెమ్మది గీత అందులో మెరుగ్గా నిలుస్తుంది. శాంసంగ్ ఎస్-పెన్ ఆ రకమే. 2013లో వచ్చిన మైక్రోసాఫ్ట్ మొదటి సర్ఫేస్ ప్రో టూ-ఇన్-వన్‌లో వాకమ్ పెన్నే ఉండేది, 2014లో సర్ఫేస్ ప్రో 3 నుంచి మైక్రోసాఫ్ట్ బ్యాటరీ పెన్ను వాడే ఎన్-ట్రిగ్ పద్ధతికి మారింది. అప్పటికీ ఇప్పటికీ ఆ పెన్నులు చాలా బాగుపడ్డాయి. అయినా కొనేది మీ చేత్తో గీసి చూశాకే కొనండి.

ఆ రోజు క్రిటాలో గీతను నున్నగా సర్దే స్టెబిలైజర్ పెట్టాను. వణుకు తగ్గింది కానీ గీత మొన కంటే వెనకబడి వచ్చింది. "ఇప్పుడు నా వెనకాల వస్తా ఉండాది" అని ఆయన గుర్తుపట్టారు. అయినా ఆ వెనకబాటుకు చెయ్యి సర్దుకుని కొమ్మను తిప్పి వేశారు, రెండు చిలకల తలలు కూడా మార్చారు. నేను అక్కడే కీబోర్డు తగిలించి, అంచు కొలతలు సరిచేసి, పక్కన పేరు, రేటు టైపు చేసి కొనేవాళ్లకు పంపేశాను. సాయంత్రానికి అటునుంచి సరే అన్నారు. నాకు ఈ మెషిన్ విలువ అక్కడ తెలిసింది. ఆయన గీత, నా కొలత, కొనేవాళ్ల రేటు అన్నీ ఒకే ఫైల్లో, ఒకే చోట, ఒకే గంటలో పూర్తయ్యాయి. అంతకుముందు ఆయన కాగితం మీద దిద్దితే నేను తిరుపతికి తెచ్చి స్కాన్ చేసి మళ్లీ గీసి పంపేదాన్ని, ఆ లోపు కొనేవాళ్ల మనసు మారిపోయేది.

ఇక షోరూముల సంగతి. మన ఊళ్లో ఏ షోరూముకి వెళ్లినా టూ-ఇన్-వన్ పక్కన పెన్ను పెట్టరు. అడిగితే "పెన్ను సపరేటు మేడమ్" అంటారు. కొన్ని మోడళ్లకు కీబోర్డు కూడా సపరేటే. బోర్డు మీద రాసిన ధరకు వచ్చేది ఉత్త పలక. మూడూ కలిపి ఎంతో చెప్పమని నిలదీసి అడగండి. డెమో పెన్ను తెప్పించమని పట్టుబట్టండి. మామూలు పెయింట్ తెరిచి, స్కేలు ఆనించి, ఏటవాలుగా, వీలైనంత నెమ్మదిగా ఒక గీత లాగండి. తర్వాత పెన్నును ఈక తగిలినంత తేలిగ్గా ఆనించి గీత మొదలవుతుందో లేదో చూడండి, కొన్నింటికి కాస్త గట్టిగా నొక్కితే తప్ప గీత పడదు. తెర అంచుల దగ్గర మొన ఒకచోట, గీత ఇంకోచోట పడుతోందేమో చూడండి. 4096 ప్రెషర్ లెవెల్స్ (నొక్కుడును ఎన్ని మెట్లుగా పట్టగలదో) అని డబ్బా మీద రాసిన అంకెకు, వీటికి ఏ సంబంధమూ లేదు.

మన ఎండల గురించి ఎవరూ రాయరు, అందుకే నేను రాస్తున్నాను. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయిన గదిలో కూర్చుని గీస్తే అరచేతి చెమట తెరకు తగిలి పిచ్చి గీతలు పడతాయి. పెన్ను పని చేస్తుండగా వేలి స్పర్శను పట్టించుకోకుండా ఉండే ఏర్పాటు ఉంటుంది కానీ తడి చేతికి అది తడబడుతుంది. గీసేటప్పుడు టచ్‌తో రంగు పడకుండా క్రిటాలో ఆపేసుకోండి, చిటికెనవేలికి తొడిగే గ్లవ్ ఒకటి వాడండి. పెన్ను ఒకేచోట ఆనించి ఉంచితే చుట్టూ వలయం వచ్చి రైట్ క్లిక్ అయ్యే విండోస్ అలవాటును కూడా మాన్పించాలి, నెమ్మదిగా గీసేవాళ్లకు అది పెద్ద తలనొప్పి. ఫ్యాన్ లేని పలచటి మెషిన్లయితే వేడెక్కి వేగం తగ్గించుకుంటాయి, మధ్యాహ్నం పూట బ్రష్ ఈడ్చుకుంటూ వస్తుంది.

ఐప్యాడ్ కొనమని మీకు తప్పకుండా ఎవరో ఒకరు చెప్తారు. గీత విషయంలో దానికి వంక పెట్టలేను. టీటీడీ శిల్ప శిక్షణ సంస్థలో కలంకారీ నేర్చుకుంటున్న పిల్లలు అడిగితే, ఉత్త బొమ్మలకే అయితే అదే కొనుక్కోమంటాను. బొమ్మలు వేసే ప్రొక్రియేట్ యాప్ ఉండేది అందులోనే. కానీ మన డీటీపీ ప్రపంచం ఇంకా 'అను' అనే పాత తెలుగు ఫాంట్ల మీదే నడుస్తోంది. పెళ్లి పత్రిక ఫైలు ఎవరు పంపినా అందులోనే వస్తుంది, విండోస్ లేకపోతే దాన్ని ముట్టుకోలేం. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రా కూడా పూర్తిస్థాయిలో కావాలంటే విండోస్‌లోనో మ్యాక్‌లోనో తెరవాల్సిందే.

విండోస్ అంటే ఏదైనా ఒకటే అనుకోవద్దు. 2024 నుంచి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌తో సర్ఫేస్ ప్రోలు వచ్చాయి. బ్యాటరీ బాగుంటుంది, వేడి తక్కువ. కానీ పాత సాఫ్ట్‌వేర్ల డాంగిళ్లు (లైసెన్సు కోసం యూఎస్‌బీకి పెట్టేవి), పాత ప్రింటర్లు పని చేయాలంటే ఆ చిప్ కోసమే రాసిన డ్రైవర్లు కావాలి. పాత డ్రైవర్లు అందులో ఎక్కవు. మీ ఆఫీసులో వేలిముద్ర పరికరమో, డిజిటల్ సంతకం టోకెనో ఉంటే దాని డ్రైవర్ ఉందో లేదో కనుక్కోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. మామూలు ఇంటెల్, ఏఎండీ చిప్‌లకు ఈ టెన్షన్ లేదు.

ర్యామ్ మాట చివర్లో చెప్తున్నా, తక్కువ చేసి కాదు. ఈ పలచటి మెషిన్లలో ఎక్కువ వాటికి ర్యామ్ బోర్డుకు అతికించే వస్తుంది, తర్వాత పెంచుకోలేం. అయిదున్నర మీటర్ల చీరను 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున, అసలు సైజుకు వేయాలంటే పొడవు దాదాపు 65 వేల పిక్సెళ్లు, 45 అంగుళాల పన్నాకి 13,500. ఒక్క లేయరే మూడున్నర జీబీ. ఫొటోషాప్ మామూలు పీఎస్‌డీ ఫైలు ఒక వైపు 30 వేల పిక్సెళ్లు దాటనివ్వదు. అందుకే మేము కొంగు, అంచు, బాడీ విడివిడిగా, 150 డీపీఐలో వేస్తాం. అయినా 16 జీబీకి తగ్గితే కష్టం. మీరు వేసేది ఏ4 సైజు బొమ్మలైతే ఇంత అక్కర్లేదు, అయినా 8తో సరిపెట్టుకోమని మాత్రం నేను చెప్పను.

వెనక్కి మడిచే రకం, కీబోర్డు ఊడే రకం ఈ రెంటిలో బొమ్మలకు నా ఓటు ఊడేదానికే. మడిచేవి కిలోన్నర దాకా బరువుంటాయి, మడిచాక కీబోర్డు మీటలు కిందికి వస్తాయి. ఊడేదాన్ని స్టాండుతో వాలుగా పెట్టుకుని చాప మీద బాసింపట్టు వేసుకుని గీసుకోవచ్చు. అదే బస్సులో ఒళ్లో పెట్టుకుని టైపు చేయాలంటే మాత్రం ఆ స్టాండు తొడలకు గుచ్చుకుంటుంది, మడిచే రకమే సుఖం. రిపేరు వస్తే రెండూ ఒకటే. పోయినేడు నా మెషిన్ తెర అంచులో మచ్చ వస్తే ఇక్కడి సర్వీసు వాళ్లు విప్పనైనా విప్పలేదు, చెన్నైకి పంపాలన్నారు. అది తిరిగొచ్చేదాకా పనీ ఆగింది, బొమ్మలూ ఆగాయి. రెండూ ఒకే మెషిన్‌లో పెట్టుకుంటే ఉండే నష్టం ఇది, లెక్కలో వేసుకోండి.

మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే మీది అకౌంట్స్ పని, దానికీ బొమ్మలకూ పొత్తు లేదు. ఇప్పుడున్న లాప్‌టాప్ నడుస్తోందంటే దానికి తెర లేని చిన్న పెన్ ట్యాబ్లెట్ తగిలించండి, కొన్ని వేలల్లో అయిపోతుంది. చెయ్యి కింద, చూపు పైన అన్న అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది కానీ మెడ వంచే పని ఉండదు. అలా మొదలుపెట్టి ఆర్డర్లు ఎటు వెళ్తాయో చూడండి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మ వేసేవో, కొనేవాళ్ల ఇంటికో షాపుకో వెళ్లి అక్కడికక్కడ మార్చి చూపించాల్సినవో వస్తున్నాయంటే అప్పుడు కీబోర్డు ఊడే రకానికి వెళ్లండి. ఏ మోడల్ అనుకుంటున్నారో కింద రాయండి, దాని పెన్ను ఏ పద్ధతిదో చెప్తాను.