ఒంగోలు ఏ పార్టీ ఊరు? అక్కడి జనం ఓటు వేస్తారా?

బదిలీ మీద ఒంగోలు వస్తున్నానని, ఈ ఊరు ఏ పార్టీ వైపు మొగ్గుతుందో, జనం ఓటుకు కదులుతారో లేదో చెప్పమని అడిగారు. నేను ఇక్కడే బడిలో టీచరుగా పనిచేశాను. బీఎల్ఓగా, అంటే బూత్ స్థాయి ఎన్నికల అధికారిగా, ఓటరు జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగాను, పోలింగ్ డ్యూటీలూ చేశాను. కాబట్టి జాబితా వైపు నుంచి నాకు కనపడిందే చెప్తాను.

మొగ్గు సంగతి ముందు చెప్పేస్తాను. ఒంగోలును ఏ ఒక్క పార్టీ ఖాతాలోనూ రాయలేం. అసెంబ్లీకి 2012 ఉప ఎన్నికలో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి బాలినేని శ్రీనివాసరెడ్డి గెలిచారు, 2014లో తెలుగుదేశం నుంచి దామచర్ల జనార్దన్, 2019లో మళ్లీ బాలినేని, 2024లో మళ్లీ దామచర్ల. పార్లమెంటు సీటులో మాగుంట శ్రీనివాసులురెడ్డి 2009లో కాంగ్రెస్ తరఫున, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున, 2024లో తెలుగుదేశం తరఫున గెలిచారు. పక్కన పాత నెల్లూరు జిల్లా చూడండి: 2019లో పది సీట్లూ వైఎస్సార్ కాంగ్రెస్‌కే, 2024లో ఆ పదీ తెలుగుదేశానికే. ఇలాంటి చోట ‘ఈ వీధి ఫలానా పార్టీది’ అని టీ కొట్టు దగ్గర ఎవరన్నా చెప్తే నమ్మకండి. కులం లెక్క లేదని నేననను, టికెట్లు ఇచ్చేటప్పుడు ఆ లెక్కే చూస్తారు. కానీ ఒకే ఇంట్లో తండ్రి ఒక గుర్తుకు, కొడుకు ఇంకో గుర్తుకు వేసే ఇళ్లు నాకు చాలా తెలుసు.

ఇక ఓటింగ్. 2024 మే 13న రాష్ట్రం మొత్తం మీద 81.86 శాతం పోలైతే, ఒంగోలు పార్లమెంటు స్థానంలో 87.06 శాతం పోలైంది. పార్లమెంటు స్థానాల్లో రాష్ట్రంలోనే అదే ఎక్కువ. అసెంబ్లీ సీట్లలో ఈ పార్లమెంటు స్థానంలోనే ఉన్న మన దర్శి 90.91 శాతంతో మొదట నిలిచింది. పోలింగ్ పెరిగితే ఉన్న ప్రభుత్వం మీద కోపమున్నట్టే అని టీవీల్లో చెప్తుంటారు. కానీ అంత ఎక్కువ పోలింగ్ జరిగిన దర్శి, అప్పటి అధికార పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్‌కు రాష్ట్రం మొత్తంలో దక్కిన 11 సీట్లలో ఒకటి. శాతం చూసి గాలి ఎటుందో చెప్పేవాళ్లకు ఆ ఒక్క సీటు చూపిస్తే చాలు.

మీరు పట్నంలో ఉండబోతున్నారు కాబట్టి అసలు చెప్పాల్సింది ఇది. పల్లెల్లో క్యూలు కట్టి వేస్తారు, పట్నంలో చదువుకున్నవాళ్లు బద్ధకించి ఇంట్లో కూర్చుంటారు అని అందరూ అంటారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. మంగమూరు రోడ్డు వైపు మూడంతస్తుల ఇల్లు ఎక్కితే అన్ని వాటాల్లోనూ కాపురాలుంటాయి, జాబితాలో మాత్రం ఇంటి ఓనరు కుటుంబమే ఉంటుంది. అద్దెకున్నవాళ్లు పిల్లల చదువుల కోసం పొదిలి, కనిగిరి, దర్శి, కొండపి వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ఓటు ఊళ్లోనే. పోలింగ్ రోజు తెల్లారకముందే బస్సెక్కి వెళ్లి వేసి వస్తారు. ఆ ఓటు పల్లె లెక్కలో పడుతుంది.

ఇంకోవైపు, అదే ఇంటి నంబరు మీద ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లినవాళ్ల పేర్లు అలాగే ఉంటాయి. పెళ్లయి వెళ్లిన ఆడపిల్ల, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి, చనిపోయిన తాతగారు. వాళ్లు ఇక్కడ లేరని తెలిసినా బీఎల్ఓ తనంతట తాను కొట్టేయడానికి లేదు. పేరు తీసేయమని కోరే ఫారం 7 రావాలి, విచారణ జరగాలి. చనిపోయినవాళ్ల పేరు తీయించడానికి కూడా ఇంట్లోవాళ్లకు మనసొప్పదు, నేను గట్టిగా అడగలేకపోయేదాన్ని. అలా మనుషులు లేని పేర్లు పోగవుతాయి. బూత్‌లో శాతం తక్కువగా కనిపించినా, నిజంగా ఊళ్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది వేసే ఉంటారు.

మరి వీళ్లు ఓటు ఎందుకు మార్చుకోరు? ఊళ్లో సర్పంచి ఎన్నికల్లో తమ ఓటుకు విలువ ఉంటుందనేది ఒక కారణం. భయం ఇంకో కారణం. కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దామె నన్ను అడిగింది, ‘టీచరమ్మా, ఓటు ఈడికి మారిస్తే నా పింఛను పోద్దంటగా?’ అని. పోదు. పింఛనుకూ రేషన్ కార్డుకూ ఓటు ఎక్కడుందన్నదానితో సంబంధం లేదు. ఆమెకు అది నమ్మకం కలిగేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది. పట్నంలో నీళ్లు, డ్రైనేజీ, దోమలు అన్నీ భరించేది ఈ అద్దె ఇళ్లవాళ్లే. కార్పొరేషన్ ఎన్నికల్లో వాళ్లకు మాటే లేకుండా పోతోంది. నన్ను ఎక్కువ కలచివేసేది అదే.

మీరు వచ్చి ఇల్లు కుదిరాక ఫారం 8 పెట్టండి. పాత చోటి నుంచి కొత్త చిరునామాకు ఓటు మార్చేది అదే, కొత్త ఓటరుగా చేరడానికి పెట్టే ఫారం 6 పెడితే రెండు చోట్లా పేరు ఉండిపోయే ప్రమాదముంది. ఆన్‌లైన్లో పెట్టొచ్చు, లేదా మీ బూత్ బీఎల్ఓకు ఇవ్వొచ్చు. కొత్త చిరునామాతో ఆధారం ఒకటి జతచేయాలి: ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, కరెంటు బిల్లు, రిజిస్టరైన అద్దె ఒప్పందం లాంటివి. చాలామంది ఓటరు స్లిప్పులు పంచే రోజుల్లో వచ్చి అడుగుతారు, అప్పటికి జాబితా ఖరారైపోయి ఉంటుంది. నోటిఫికేషన్ రాకముందే పెట్టేయండి. మీ బూత్‌లో గతంలో ఎవరికెన్ని పడ్డాయో చూడాలంటే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో ఫారం 20 ఉంటుంది, అందులో బూత్ వారీగా ఓట్లు ఇస్తారు.