జన్యువులు మార్చిన పందుల్లో క్యాన్సర్ ఎట్లా పుట్టిస్తారు? మన ఊరపందులు పనికొస్తాయా?

నల్గొండ నుంచి ఒక వెటర్నరీ విద్యార్థి అడిగినవి మూడు: చిట్టెలుకలు ఉండగా పందులెందుకు, వాటికి క్యాన్సర్ ఎట్లా తెప్పిస్తారు, మన ఊర్లల్ల తిరిగే పందుల మీద చేయొచ్చా?

మొదటిదానికి జవాబు సైజులోనే ఉంది. చిట్టెలుక కాలేయం ఒకటి రెండు గ్రాములే. 60 కిలోల పందిది కిలో పైనే తూగుతుంది. తొడ ధమనిలోంచి కాథెటర్ అనే సన్నని గొట్టం పంపి కాలేయంలోని గడ్డకు రక్తం ఆపే చికిత్స ఉంది కదా, దానికి మనిషికి వాడే కాథెటరే పందికీ పడుతుంది. సీటీ, ఎండోస్కోప్ కూడా అంతే.

రెండోది. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం బృందం 2015లో ప్రకటించిన ‘ఆంకోపిగ్’ను చూడండి. మనుషుల గడ్డల్లో తరచుగా చెడిపోయి కనిపించే కేరాస్, టీపీ53 జన్యువుల మార్పు రూపాలు దాని ప్రతి కణంలో ఉంటాయి గానీ పని చేయవు. వాటి ముందు ఒక అడ్డు ముక్క పెట్టి ఉంటుంది. క్రీ అనే ఎంజైమ్ తగిలితే ఆ ముక్క తెగిపోయి రెండూ పని మొదలుపెడతాయి. క్రీని, జన్యువులను కణాల్లోకి మోసుకెళ్లే అడినోవైరస్‌లో పెట్టి ఎక్కడ ఎక్కిస్తే గడ్డ అక్కడ లేస్తుంది.

చెప్పినంత సులువైతే కాదు. వైరస్‌ను నేరుగా కండలోనో చర్మం కిందనో ఎక్కిస్తే బంధక కణజాలం నుంచి పుట్టే సార్కోమా వస్తుంది. మీకు కావలసింది కాలేయ క్యాన్సర్ అయితే అది పనికిరాదు. అందుకే అదే పంది కాలేయం నుంచి చిన్న ముక్క తీసి, కాలేయ కణాలను వేరు చేసి, పాత్రలో పెంచి, అక్కడే క్రీ తగిలించి, మారిన కణాలను మళ్లీ ఆ పందికే ఎక్కిస్తారు. దాని కణాలే కాబట్టి పరాయివని ఒంటినుంచి తిరస్కారం ఉండదు. అయినా కొన్ని గడ్డలు కొన్ని వారాల్లో వాటంతటవే కరిగిపోతాయి, రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు చొరబడి తినేస్తాయి. కొత్త మందును పరీక్షించేటప్పుడు, మందు ఇవ్వని పందులను పోల్చడానికి పక్కన పెట్టుకోకపోతే ఆ కరగడాన్ని మందు గొప్పతనంగా రాసుకుంటారు.

ఇంకో పరిమితి, మనిషిలో జన్యువులు ఏళ్ల తరబడి ఒకటొకటిగా చెడతాయి. ఇక్కడ రెండూ ఒకేసారి. క్యాన్సర్ మెల్లగా ఎట్లా మొదలవుతుందో చూడాలంటే 2012లో జర్మనీలోని మ్యూనిక్ బృందం ఏపీసీ అనే జన్యువును చెడగొట్టి చేసిన పందులు మేలు. వాటి పెద్దపేగులో పాలిప్స్ అనే చిన్న బుడిపెలు వాటంతటవే లేస్తాయి, కొలనోస్కోప్‌తో ఒకే జంతువును నెలల తరబడి చూస్తూ పోవచ్చు.

ఇట్లాంటి పందిని పుట్టించడానికి క్లోనింగ్ చేస్తే, జన్యువు మార్చిన కణం కేంద్రకాన్ని ఖాళీ అండంలో పెట్టి, ఒక్కో తల్లి పందికి వంద పైనే పిండాలు ఎక్కించాల్సి వస్తుంది. చూలు 114 రోజులు. దక్కేవి కొన్ని పిల్లలే. ఒకటి దక్కి పెద్దదైతే మామూలు పందితో దాటిస్తే చాలు, ఈతలో సగం పిల్లలకు మార్పు వస్తుంది. చెవి కొన కత్తిరించి పీసీఆర్ చేస్తే తేలిపోతుంది.

ఎక్కువమంది బోల్తా పడేది జన్యువు దగ్గర కాదు, మత్తు దగ్గర. చెవి వెనక మెడ కండలో కిలోకు 2 మి.గ్రా. జైలజిన్, 10–20 మి.గ్రా. కెటమిన్ ఇస్తారు. పొట్టి సూది అయితే మందు కొవ్వులోనే ఆగుతుంది, పంది పడదు. కంగారులో రెండో డోసు వేస్తే పావుగంటకు రెండూ కలిసి ఎక్కి ఊపిరి ఆగుతుంది. పెద్ద పందికి ఒకటిన్నర అంగుళం సూదే. గొంతు గట్టిగా మూసుకుంటుంది కాబట్టి తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ కొట్టి, ఒక నిమిషం ఆగి ఊపిరి ట్యూబ్ వేయాలి. కొన్ని జాతుల్లో ఆర్‌వైఆర్1 జన్యు లోపం ఉంటుంది, ఐసోఫ్లూరేన్ అనే మత్తు వాయువు తగలగానే ఒళ్లు కొయ్యబారి జ్వరం 41 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ముందే పరీక్ష చేయించుకోండి. మత్తుకు ముందు పస్తు పెట్టేటప్పుడు కింద పరిచిన గడ్డి కూడా తీసేయాలి, లేకుంటే అదే నమిలేస్తుంది.

ఇక మన ఊరపందులు. వద్దు. నాడాపురుగు తిత్తులు, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వంటివి మోస్తూ ఉండొచ్చు, ఏ తల్లి పిల్లో తెలియదు. పైగా జన్యువు మార్చిన జంతువంటే సంస్థ జీవభద్రతా కమిటీ, జన్యు మార్పులను సమీక్షించే కేంద్ర కమిటీ ఆర్‌సీజీఎం అనుమతులు, పెద్ద జంతువు గనుక జంతు ప్రయోగాలను పర్యవేక్షించే సీసీఎస్‌ఈఏ అనుమతి కూడా కావాలి. ఫారం నుంచి తెచ్చిన సీమపందులైనా రెండు వారాలు విడిగా కట్టేసి చూడాలి. వాటికి మిర్యాలగూడ తవుడు కడుపునిండా పెట్టకండి. ఆరు నెలలకే క్వింటాలు తూగుతాయి, ప్రయోగం సగంలో ఉండగా సీటీ బల్ల మీదికి ఎత్తడానికి నలుగురు కావాల్సి వస్తుంది.