ముందు వెలుతురు సంగతి తేల్చుకో

అమ్మా,

కాన్సర్ మీద ఆప్టికల్ ఇమేజింగ్, అంటే ఒంట్లోకి వెలిగే రంగు (డై) ఎక్కించి ట్యూమర్‌ని కెమెరాతో చూడటం, చేస్తానన్నావు, చాలా సంతోషం. కానీ వచ్చే వారమే ఎలుకలతో మొదలుపెడతానన్నావు చూడు, అక్కడ ఆగు.

ఈ రాత్రి లైటార్పేసి ఫోన్ టార్చి మీద వేలు పెట్టి చూడు. వేలంతా ఎర్రగా వెలుగుతుంది, లోపలి ఎముక మాత్రం కనపడదు. నీలం, ఆకుపచ్చ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ మింగేస్తుంది, ఎరుపు బయటపడుతుంది, ఆ వచ్చింది కూడా కణాలకు తగిలి అటూ ఇటూ చెదిరి వస్తుంది కాబట్టి ఆకారం నిలవదు. నీ పనిలో కష్టమంతా ఆ వేల్లోనే ఉంది. అందుకే ఈ రంగంలో ఎక్కువగా 650 నుంచి 900 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం మధ్యే, అంటే ఎరుపులోనూ దాన్ని దాటి కంటికి కనపడని కాంతిలోనూ, పనిచేస్తారు, అది దాటితే నీరు మింగడం ఎక్కువవుతుంది. అమెరికాలో 1959లో అనుమతి వచ్చిన ఇండోసయనిన్ గ్రీన్ అనే డైని ఇప్పటికీ ఆపరేషన్లలో వాడుతున్నారంటే, ఆ డై ఈ పరిధిలోనే వెలగడం ఒక పెద్ద కారణం.

కాబట్టి ముందు ఫాంటమ్, అంటే కండ బదులు వాడే నకిలీ నమూనా, చెయ్యి. అగార్ జెల్లీలో ఇంట్రాలిపిడ్ (కాంతిని చెదరగొట్టే పాలలాంటి ద్రవం), కాస్త ఇండియా ఇంక్ (కాంతిని మింగే నల్ల సిరా) కలిపి, డై నింపిన సన్న గొట్టాన్ని 2, 5, 10 మిల్లీమీటర్ల లోతుల్లో పెట్టి ఫోటోలు తియ్యి. లోతు పెరిగేకొద్దీ గీత మసకబారడమే కాదు, వెడల్పవుతుంది కూడా. అది ఒకసారి కళ్లారా చూశావంటే, చర్మం కిందున్న చిన్న ట్యూమర్ లోపలున్న పెద్దదానికన్నా మెరుస్తున్నప్పుడు తొందరపడి ఏదో రాసెయ్యవు.

నేను తొందరపడ్డాను. ఎలుక పొట్ట దగ్గర మంచి మచ్చ కనిపిస్తే కాన్సర్ పాకిందనే అనుకున్నాను, రెండు వారాలు దాని వెనకే తిరిగాను. తీరా అది మేత! అందులో కలిపే అల్ఫాల్ఫా ఆకులోని పత్రహరితం తనంతట తానే ఎర్రగా వెలుగుతుంది. ప్రయోగానికి కొన్ని రోజుల ముందే ఆ ఆకు లేని మేతకి మార్చు, డై ఎక్కించని ఎలుకని కూడా ప్రతిసారీ పక్కనే పెట్టు. ప్రాణమున్న జంతువు, దాన్ని వాడి కూడా జవాబు రాకపోతే అది వృథాగా పోయినట్టే కదా, నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కెమెరాలో ఎక్స్‌పోజర్ (కాంతి పట్టే సమయం), గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) ఎంత పెట్టావో ప్రతి ఫోటోకీ రాసుకో. ఫాంటమ్ ఫోటోలు అయ్యాక నాకు పంపు, రంగులద్దినవి కాదు, కెమెరా నుంచి వచ్చిన ఫైళ్లు వచ్చినట్టే. కూర్చుని చూద్దాం.